పడమర రోడ్డు, అనంతపురం ఎండ, స్కాండినేవియన్ ఎలివేషన్

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అనంతపురంలో ఐదు సెంట్ల జాగా, 40 అడుగుల వెడల్పు, 55 అడుగుల లోతు, పడమర రోడ్డు. కింద రెండు బెడ్‌రూములు, పైన ఒకటి. నార్వే, స్వీడన్ ఇళ్ల ఫొటోల్లో చూసినట్టు తెల్ల గోడలు, నల్లటి వాలు కప్పు, ముందంతా చెక్క క్లాడింగ్ (గోడ మీద పలకల తొడుగు), నేల నుంచి పైదాకా అద్దం కావాలి. మేస్త్రీ ఏమో "వాలు స్లాబంటే మామూలు స్లాబే, ఏటవాలుగా పోస్తాం, అంతే" అంటున్నారు. ఇది మన ఎండకు ఆగుతుందా, డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి?

ఆగుతుంది. కానీ ఫొటోలోని ఇంటిని ఉన్నదున్నట్టు ఇక్కడ దించితే మార్చి నుంచే పై గదిలో కూర్చోలేరు. ఆ ఇల్లు కట్టిందే ఎండను లోపలికి రప్పించుకోవడానికి. స్టాక్‌హోంలో డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 7 డిగ్రీల ఎత్తుకు మించడు. అదే రోజు అనంతపురంలో 52 డిగ్రీల మీద ఉంటాడు. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు రెండో వారం దాకా అయితే మధ్యాహ్నం మన నడినెత్తిని కూడా దాటి కొంచెం ఉత్తరానికి పోతాడు. అక్కడి దక్షిణపు పెద్ద అద్దాలు, ముదురు రంగులు దొరికిన కాస్త వెచ్చదనాన్ని పట్టుకోవడానికి పనికొస్తాయి. నిటారు కప్పు మంచు నిలవకుండా జారడానికి. మనకు మంచు లేదు, ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కాబట్టి ఆ ఇంటి రూపం ఉంచుకోండి, ఎండతో దానికున్న సంబంధాన్ని మాత్రం తిరగేయండి.

ఉంచుకోవాల్సినవి చాలా ఉన్నాయి. ఒకటే సాదా ఆకారం, మొత్తం మీద మూడు మెటీరియల్స్‌కు మించకపోవడం, అవసరమున్నచోటే కిటికీ, అతుకు ప్రతిదీ శుభ్రంగా ముగియడం, క్లాడింగ్ వెనక గాలి ఆడే సందు. ఇవేవీ మన వాతావరణానికి అడ్డురావు. పైగా పిల్లర్లు, మోల్డింగులు, సీఎన్‌సీ జాలీలు పెట్టే మామూలు ఎలివేషన్ ఖర్చు ఇక్కడ మిగులుతుంది. ఆ మిగిలింది కప్పు మీద, నీడ మీద పెట్టాలి.

ముందు ప్లాన్. పడమర రోడ్డు ఉన్న సైటులో ముందంతా అద్దం అనేది మొదట మానుకోవాల్సిన మాట. మే నెలాఖరులో సాయంత్రం నాలుగున్నరకు అనంతపురంలో సూర్యుడు సుమారు 30 డిగ్రీల ఎత్తులో, పడమర గోడకు దాదాపు ఎదురుగా ఉంటాడు. 7 అడుగుల ఎత్తు అద్దానికి ఆ ఎండ తగలకూడదంటే 12 అడుగుల సజ్జా కావాలి. ఐదుంబావుకు 20 డిగ్రీల లోపుకు దిగుతాడు, అప్పుడు దాదాపు 19 అడుగులు కావాలి. అంటే పడమరకు సజ్జా జవాబు కాదు. అక్కడ మందపాటి గోడ, మెట్లు, బాత్రూములు, స్టోరు, వార్డ్‌రోబ్ లాంటివి పెట్టి వాటినే కవచంగా వాడుకోవాలి. రోడ్డు వైపు గోడలో సన్నటి నిలువు కిటికీలు రెండు మూడు, లోపలికి జరిగిన వాకిలి, అంతే. సాదా తెల్ల గోడలో లోతుగా కూర్చున్న ఒక చెక్క తలుపు, మీరు కోరుకునే ఆ ఉత్తరాది కళను అద్దం కంటే బాగా తెస్తుంది.

పెద్ద అద్దం వద్దనడం లేదు, దాన్ని లోపలి ఖాళీ జాగా వైపు తిప్పమంటున్నాను. డెన్మార్క్‌లో హెల్సింగోర్ దగ్గర ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్జోన్ 1950ల చివర్లో కట్టించిన కింగో ఇళ్లు చూడండి. పసుపు ఇటుక, ఎల్ ఆకారం, రోడ్డుకు దాదాపు మూసుకున్న గోడ, కిటికీలన్నీ లోపలి తోట మీదికి. అది కూడా స్కాండినేవియనే, మీ సైటుకు నల్ల పెట్టె ఇళ్లకంటే అదే దగ్గర. మీ 40 × 55లో ఇంటిని ఎల్ ఆకారంలో దక్షిణం, పడమర అంచులకు కట్టి ఈశాన్యంలో కనీసం 12 × 14 అడుగుల జాగా వదలండి. హాలు, వంటిల్లు దాని మీదికి తెరుచుకుంటాయి. ఈశాన్యం ఖాళీగా ఉంచమని వాస్తు చూసేవాళ్లూ అంటారు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లతో పేచీ ఉండదు. ఆ జాగాకు తగిలేది ఉదయపు ఎండే, పదకొండు దాటితే ఇంటి నీడా, చూరూ సాయం వస్తాయి. సెట్‌బ్యాకులు ఎంత వదలాలో, వాటిలోకి సజ్జా ఎంత రావచ్చో మున్సిపాలిటీ లేదా అహుడా (అనంతపురం-హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ) దగ్గర ప్లాన్ పెట్టకముందే లైసెన్స్‌డ్ ఇంజనీరుతో తేల్చుకోండి. తర్వాత ఎల్ ఆకారం మార్చడం కష్టం.

కప్పు మీద ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే పై గది బతుకంతా దాని మీదే ఉంది.

పై అంతస్తు గదిని 18 అడుగుల వెడల్పు, 28 అడుగుల పొడవు బ్లాకుగా, పొడవు తూర్పు పడమరలుగా పెట్టండి. కొప్పు తూర్పు నుంచి పడమరకు నడుస్తుంది. అప్పుడు రోడ్డుకు ఎదురుగా ముక్కోణపు గేబుల్ గోడ వస్తుంది, అంటే పడమర రోడ్డు వల్ల మీకు ఆ ఫొటోలో రూపం అనుకోకుండానే దొరికింది. వాలు రెండూ ఉత్తరం, దక్షిణం చూస్తాయి. 30 డిగ్రీల వాలు చాలు. 18 అడుగుల వెడల్పుకు కొప్పు చూరు కంటే 5 అడుగుల 2 అంగుళాలు లేస్తుంది. 45 డిగ్రీలు పెడితే 9 అడుగులు లేస్తుంది, గాలివానకు మరింత అడ్డం నిలబడటం తప్ప ఒరిగేదేమీ లేదు. మిగిలిన కింది అంతస్తు మీద మామూలు మిద్దె ఉంచండి. మిరపకాయలు, వడియాలు ఎక్కడ ఎండబెడతారు, ఎండాకాలం రాత్రి ఎక్కడ పడుకుంటారు అనేది ముందే ఆలోచించాలి.

ఇప్పుడు మేస్త్రీ మాట. వాలు స్లాబు మామూలు స్లాబు కాదు. తేడా మూడు చోట్ల ఉంది. మొదటిది, రెండు వాలు స్లాబులు కొప్పు దగ్గర ఒకదానికొకటి ఆని, కింద గోడలను బయటికి తోస్తాయి. దీన్ని ఆపడానికి కొప్పు కింద బీము గానీ, చూరు మట్టంలో ఈ గోడ నుంచి ఆ గోడకు టై బీములు గానీ స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్కగట్టి ఇవ్వాలి. ఇవి లేకపోతే రెండు మూడేళ్లలో చూరు బీము కింద పొడుగాటి అడ్డ పగులు వస్తుంది. దాన్ని ఎంత పుట్టీ పెట్టి పూడ్చినా మళ్లీ తెరుచుకుంటుంది.

రెండోది, కొప్పు దగ్గర కింది వరస కమ్మీ. లోపలి మూల వెంట దాన్ని వంచి అటు వాలు నుంచి ఇటు వాలుకు ఒకే ముక్కగా తీసుకుపోతారు, చూడటానికి చక్కగా ఉంటుంది. లాగుడు పడినప్పుడు ఆ వంపు తిన్నగా సాగాలని చూసి, కవరు కాంక్రీటును పెచ్చుగా కిందికి తోసేస్తుంది. సరైన పద్ధతి వేరు. ప్రతి కమ్మీ తన వాలులోనే తిన్నగా వెళ్లి, కొప్పు దాటి, అవతలి స్లాబు పైభాగంలో కావలసినంత పొడవు కూర్చోవాలి. రెండు వైపుల కమ్మీలు అక్కడ కత్తెరలా దాటుకోవాలి. కాంక్రీటు పోయకముందు మీరే పైకెక్కి చూడగలిగిన విషయం ఇది, ఫొటో తీసి ఇంజనీరుకు పంపండి.

మూడోది పోయడం. 30 డిగ్రీల వాలులో కాంక్రీటు జారుతుంది. మేస్త్రీ జారకుండా గట్టిగా కలిపిస్తే కింద తేనెపట్టులా ఖాళీలు వస్తాయి, పల్చగా కలిపిస్తే కంకర కిందికి, పాలు పైకి పోతాయి. స్లంప్ (పచ్చి కాంక్రీటు ఎంత కుంగుతుందో చూపే కొలత) 50 నుంచి 75 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, పైన కూడా సెంట్రింగ్ రేకులు పెట్టి, చూరు నుంచి కొప్పుకు రెండడుగుల పట్టీలుగా, రెండు వాలులూ సమంగా ఎక్కిస్తూ పోయాలి. ఒక్క వైపే ముందు పోస్తే బరువు ఒకవైపే పడి సెంట్రింగ్ పక్కకు ఒరుగుతుంది. వాలు మీద మడి కట్టి నీళ్లు నిలపలేరు కాబట్టి తడి గోనెసంచులు కప్పి కనీసం 10 రోజులు ఆరనివ్వకుండా చూడాలి. ఏప్రిల్, మే నెలల్లో ఇది దాదాపు అసాధ్యం. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పోసేలా పని మొదలుపెట్టుకోండి.

ఇంత తలనొప్పి ఎందుకు అనుకుంటే, మీకు నేను గట్టిగా చెప్పే దారి వేరే ఉంది. పై గది మీద మామూలు సమతల స్లాబే వేయించండి, మీ మేస్త్రీకి అలవాటైన పని. దాని మీద స్టీలు ట్రస్సులు (ముక్కోణపు చట్రాలు) నిలబెట్టి రేకు కప్పు వేయండి. లోపల ఎత్తైన వాలు సీలింగు పోతుంది, అదొక్కటే నష్టం. బదులుగా ఇంటికి రెండు తొడుగులు వస్తాయి. ఎండ పైరేకు తింటుంది, వేడెక్కిన గాలి కొప్పు సందులోంచి, గేబుల్ జాలీలోంచి బయటికి పోతుంది, కింది స్లాబు నీడలో ఉంటుంది. గోడలను తోసే బలం ఉండదు, వాన కారితే మీ మంచం మీద పడదు.

ఆ ట్రస్సులు 8 నుంచి 10 అడుగులకొకటి, వాటి మీద పర్లిన్లు (రేకును మోసే అడ్డ పట్టీలు) 4 అడుగులకొకటి. బేస్ ప్లేటుకు నాలుగు యాంకర్ బోల్టులు, అవి స్లాబు అంచు బీములోనే దిగాలి, ఇటుక గోడలో కాదు. మన దగ్గర రేకులు ఎగిరిపోయేది వాన బరువుకు కాదు, ఏప్రిల్, మే నెలల ఈదురుగాలి చూరు కింద దూరి పైకి ఎత్తడం వల్ల. రేకు 0.5 మిల్లీమీటర్ల అలుజింక్ (అల్యూమినియం, జింక్ పూత ఉన్న ఉక్కు), కలర్ కోటెడ్. స్టాండింగ్ సీమ్ (నిలువుగా మడిచిన అతుకులున్న రేకు) అయితే స్క్రూలు బయట కనబడవు, ఆ గీతల రూపమే మీరు ఫొటోల్లో చూసినది. మామూలు ప్రొఫైల్ రేకైతే ఈపీడీఎం (ఎండకు ఆగే కృత్రిమ రబ్బరు) వాషరున్న స్క్రూలు వాడాలి. మామూలు రబ్బరు వాషరు మన ఎండకు కొన్నేళ్లలో పగిలిపోయి అక్కడి నుంచే కారుతుంది. గేబుల్ గోడలు రెండింటిలో కలిపి కనీసం 6 చదరపు అడుగుల గాలి సందు, వెనక పావురాలు దూరకుండా మెష్.

కింది స్లాబుకు కూడా ఇన్సులేషన్ మానొద్దు. ఏ పూతా లేని 5 అంగుళాల స్లాబు యు-విలువ (వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే అంకె, తక్కువైతే మేలు) 3 పైనే ఉంటుంది. ఇళ్ల కోసం కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత 2018 కప్పుకు 1.2 మించొద్దంటుంది. స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ చేసి 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ బోర్డు (గట్టి నురుగు పలక) పరిస్తే 0.5 దగ్గరికి దిగుతుంది. ఎండ తగిలే మామూలు మిద్దె భాగం మీద అదే బోర్డు, దాని మీద స్క్రీడ్, ఆపైన తెల్ల టైలు ముక్కలు లేదా కూల్ రూఫ్ టైల్స్. మొత్తం ఇంట్లో రూపాయికి ఎక్కువ చల్లదనం ఇచ్చేది ఈ ఒక్క పని. క్లాడింగ్ తర్వాతైనా చేయించుకోవచ్చు, దీన్ని వాయిదా వేయకండి.

నల్ల కప్పు సంగతి. నలుపు ఎండలో తొంభై శాతానికి పైగా మింగేస్తుంది, మంచి తెలుపు అందులో నాలుగోవంతు కూడా మింగదు. అయితే మీకు నలుపు కావాలంటే దానికి చక్కటి మార్గం సోలార్ ప్యానెళ్లే. దక్షిణపు వాలు మీద 550 వాట్ల ప్యానెళ్లు ఆరు, నిలువుగా ఒకే వరసలో పెడితే సుమారు 22 అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల ఎత్తు నల్లటి పలక వస్తుంది. అది 3.3 కిలోవాట్లు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. ప్యానెల్‌కు, రేకుకు మధ్య 4 నుంచి 6 అంగుళాల సందు వదిలితే ప్యానెళ్లు కప్పుకు గొడుగవుతాయి. మన అక్షాంశానికి 15 డిగ్రీల వాలు సరిగ్గా సరిపోతుంది, 30 డిగ్రీల వల్ల పోయేది కొన్ని శాతమే. రేకు రంగు మాత్రం లేత బూడిద తీసుకోండి. వీధిలోంచి చూసేవాళ్లకు దక్షిణపు వాలు నల్లగానే కనబడుతుంది.

చూరు లేకుండా గోడా కప్పూ ఒకే గీతలో కలిసే ఫ్యాషన్ ఇప్పుడు బాగా నడుస్తోంది. వద్దు. ఉత్తరం, దక్షిణం రెండడుగుల చూరు పెట్టండి. దక్షిణాన 4 అడుగుల ఎత్తు కిటికీకి ఫిబ్రవరి చివరి నుంచి అక్టోబరు మధ్య దాకా మధ్యాహ్నపు ఎండ లోపల పడనివ్వదు, డిసెంబరు ఎండ కొంత లోపలికి వస్తుంది, అది బాగానే ఉంటుంది. ఉత్తరపు కిటికీకి కూడా చిన్న సజ్జా కావాలి, పైన చెప్పినట్టు ఎండాకాలం సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. చూరుకు 6 అంగుళాల గట్టర్, రెండు చివరలా 110 మిల్లీమీటర్ల పైపు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అనంతపురం వానకు ఏడాదికి 40 వేల లీటర్ల దాకా పట్టుకోవచ్చు. మొదటి వాన దుమ్మునీళ్లను బయటికి వదిలే వాల్వు పెట్టి మిగతావి సంపులోకో, బోరు పక్కన ఇంకుడుగుంతలోకో మళ్లించండి.

అద్దం కొనేటప్పుడు ఒక మోసం జరుగుతుంది, తెలియక జరిగేదే. "యూరోపియన్ లో-ఈ డబుల్ గ్లేజింగ్" (వేడిని వెనక్కి కొట్టే పలచని పూతున్న జంట అద్దం) అని అమ్మేవాటిలో రెండు రకాలున్నాయి. చలి దేశాలకు చేసింది ఎండ వేడిని లోపలికి రానిచ్చి, గది వేడిని బయటికి పోనివ్వదు. మన ఇంట్లో అది పెడితే గది కుంపటే. మీరు అడగాల్సింది సోలార్ కంట్రోల్ లో-ఈ. కాగితం మీద ఎస్‌హెచ్‌జీసీ అనే అంకె చూడండి, అద్దం మీద పడిన ఎండ వేడిలో లోపలికి వచ్చే వంతు అది. మామూలు 6 మిల్లీల అద్దానికి అది 0.8 దగ్గర ఉంటుంది, మీకు 0.3 లోపు కావాలి. వెలుతురు శాతం 40కి తగ్గకూడదు, లేదంటే పగలే లైటు వేసుకోవాలి. 6-12-6 యూనిట్ (6 మిల్లీల అద్దం, 12 మిల్లీల సందు, మళ్లీ 6 మిల్లీల అద్దం) అయితే కోటింగు బయటి అద్దం లోపలి ముఖం మీద ఉండాలి. బిగించేటప్పుడు తిరగేసి పెడితే పెట్టిన డబ్బు వృథా, స్టిక్కరు పీకకముందే దిక్కు చూసుకోండి. లోపలి జాగా వైపు నీడలో ఉన్న అద్దానికి ఇంత ఖర్చు అవసరం లేదు, సింగిల్ టఫెన్‌డ్ చాలు. నల్ల ఫ్రేములకు పౌడర్ కోటెడ్ అల్యూమినియం తీసుకోండి. చవక యూపీవీసీకి నల్ల ఫాయిల్ అంటించినవి పడమర ఎండకు వంగి తలుపు పట్టేస్తుంది. దోమతెర, గ్రిల్ కూడా మొదటే ఫ్రేముతో పాటు గీయించండి. 12 మిల్లీల చదరపు కమ్మీ నిలువుగా, 4 అంగుళాల దూరంలో, నలుపు రంగు. అడ్డంగా డిజైన్లు లేకపోతే అది ఎలివేషన్‌లో భాగంగానే కలిసిపోతుంది.

గోడలకు 8 అంగుళాల ఏఏసీ బ్లాకు (లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు దిమ్మె) నా ఎంపిక, యు-విలువ సుమారు 0.8. తొమ్మిది అంగుళాల ఎర్ర ఇటుక గోడకు అది 2 దగ్గర. కడప వైపు వాళ్లకు ముద్దనూరు థర్మల్ బూడిదతో చేసిన ఫ్లై యాష్ ఇటుకలు సులువుగా దొరుకుతాయి. అవి గట్టివే కానీ వేడిని ఆపడంలో ఏఏసీకి సాటిరావు, పడమర గోడ ఒక్కటైనా ఏఏసీ పెట్టుకోవచ్చు. ఏఏసీకి పగుళ్లు వస్తాయన్న పేరు కట్టడంలోని తప్పుల వల్ల వచ్చింది. మందపు సిమెంటు మాలుతో కాక 3 మిల్లీల అంటు మాలుతో కట్టాలి, కాలమ్, బీము కలిసే ప్రతి చోటా ప్లాస్టరింగుకు ముందు 6 అంగుళాల వెడల్పు మెష్ కొట్టాలి. తెల్ల గోడ మీద వెంట్రుకవాసి పగులు కూడా దూరానికి కనబడుతుంది కాబట్టి ఇది మీకు మరీ ముఖ్యం. కర్నూలు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నల్లరేగడిలో కట్టేవాళ్లు పునాది మీదే ఎక్కువ ఖర్చుపెట్టాలి. నేల ఉబ్బి కుంగే చోట ఏ గోడకైనా పగులు తప్పదు, సాయిల్ టెస్ట్ లేకుండా ముగ్గు పోయొద్దు.

బోరు నీళ్లు పరీక్ష చేయించండి. కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం స్టీలున్న కాంక్రీటుకు వాడే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు, పీహెచ్ 6 కంటే తగ్గకూడదు. ఉప్పు నీళ్లతో తడిపిన ప్లాస్టరింగు మీద వేసిన తెల్ల పెయింటు ఏడాది తిరక్కుండా పొక్కులు లేచి పొడిలా రాలుతుంది.

తెలుపు నిలబడాలంటే రెండు చోట్ల శ్రద్ధ పెట్టాలి. ఒకటి గోడ అడుగు. వాన చినుకు ఎర్రనేల మీద పడి చిమ్మి రెండడుగుల ఎత్తు దాకా గోడకు ఎర్రటి అంచు వేస్తుంది, అది కడిగినా పోదు. బేస్‌మట్టం నుంచి రెండడుగులు తాడిపత్రి బండ గానీ కడప బండ గానీ అతికించి, ఇంటి చుట్టూ రెండడుగుల వెడల్పు కంకర పట్టీ పరిస్తే ఈ బాధ ఉండదు. పని అయ్యాక కూలీలు బండలను యాసిడ్‌తో కడుగుతారు, అది మాత్రం చేయనివ్వకండి. ఇవి సున్నపురాళ్లు, యాసిడ్ తగిలిన చోట పొంగి, నునుపు పోయి, తెల్లగా మొద్దుబారతాయి.

రెండోది కిటికీ గట్టు. ఆరు నెలల దుమ్ము దాని మీద పేరుకుని మొదటి వానకు రెండు మూలల నుంచి నల్లటి చారలుగా గోడ మీదికి దిగుతుంది. ఆపే పద్ధతి చిన్నది. గట్టుకు ఒకే ముక్క కడప బండ వాడండి, బయటికి వాలుగా, గోడ కంటే 2 అంగుళాలు ముందుకు, కిటికీ కంటే రెండు పక్కలా 2 అంగుళాలు ఎక్కువ. బండ అడుగున అంచుకు 20 మిల్లీల లోపలగా గ్రైండర్‌తో 10 మిల్లీల గాడి తీయించండి. నీటి చుక్క ఆ గాడి దాటలేక అక్కడే కిందికి రాలుతుంది. సజ్జా అడుగునా, చూరు అడుగునా ఇదే గాడి. తెలుపులో కూడా నీలం ఛాయ ఉన్నది మన ఎండలో కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది, కాస్త పసుపు కలిసిన వెలిసిన తెలుపు తీసుకోండి.

ఇక చెక్క. మీరు దీన్ని మొదట్లోనే అడిగారు, నేను చివరికి తెచ్చాను, ఎందుకంటే ఎండకు అడ్డం పడే పడమర ముఖం మీద అసలు చెక్క వద్దు. ఫిన్లాండ్‌లో 1990లలో అభివృద్ధి చేసిన థర్మోవుడ్ పద్ధతిలో పైన్ చెక్కను 200 డిగ్రీల అటూ ఇటూ ఆవిరిలో వేడిచేస్తారు. దానివల్ల చెక్క తేమకు ఉబ్బడం తగ్గుతుంది, పుచ్చు పట్టడం తగ్గుతుంది. చెదలు మాత్రం తింటాయి. రంగు ఎండకు నిలవదు, మన పడమర గోడ మీద మొదటి ఏడాదే బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ బూడిద రంగు నచ్చితే వదిలేయండి, లేకపోతే ఏటా నూనె పట్టించాలి. మెరుపు వార్నిష్ కొట్టించకండి, పొరలుగా లేచి గీకడం కూడా కష్టమవుతుంది.

కాబట్టి నిజం చెక్కను వాకిలి లోపలి గోడకు, వసారా సీలింగుకు, తలుపుకు పెట్టండి. అవి నీడలో ఉంటాయి, చేతికి తగులుతాయి, దగ్గరగా కనబడతాయి. పలకల వెనక 25 మిల్లీల పట్టీలు 400 నుంచి 600 మిల్లీల దూరంలో, ఎస్ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీలు) స్క్రూలు, కిందా పైనా గాలి పోయేలా తెరిచి మెష్, పలక అడుగు నేలకు ఒకటిన్నర అడుగు పైన, కోసిన ప్రతి చివరకూ సీలరు. ఆ గాలి సందే స్వీడన్, నార్వేలలో చెక్క గోడలను అంతకాలం నిలబెట్టేది. గోడకు నేరుగా గమ్ము పెట్టి అంటించిన చెక్క ఎక్కడైనా ఊడుతుంది.

పడమర ముఖానికి పైన బాల్కనీ ముందు నిలువు పట్టీల తెర కావాలంటే చెక్క రంగు పౌడర్ కోటింగ్ ఉన్న అల్యూమినియం తీసుకోండి. 75 మిల్లీల వెడల్పు పట్టీలను గోడకు 45 డిగ్రీలు తిప్పి, సందులు నైరుతి వైపు చూసేలా, మధ్య నుంచి మధ్యకు 50 మిల్లీల దూరంలో బిగించండి. ఎండాకాలం సాయంత్రం ఎండ పడమరకు కొంచెం ఉత్తరం నుంచి వస్తుంది, అది పట్టీల ముఖానికే తగిలి ఆగుతుంది. గాలి, నైరుతి వైపు చూపు అలాగే ఉంటాయి. పట్టీలు గోడకు నిటారుగా పెడితే ఎదురెండ సందుల్లోంచి తిన్నగా దూరుతుంది, చాలా ఇళ్ల తెరలు అందుకే అలంకారంగానే మిగిలాయి. తెర ముందు 8, 10 అడుగుల దూరంలో ఒక కానుగ చెట్టు నాటండి. అది ఆకు రాల్చినా ఏప్రిల్‌కు మళ్లీ చిగిర్చి నీడకు సిద్ధంగా ఉంటుంది.

హెచ్‌పీఎల్ షీటు (ఒత్తి చేసిన గట్టి లామినేట్) వాడితే ఎక్స్‌టీరియర్ గ్రేడ్ అని బిల్లులో రాయించండి. షీటు మీటరుకు సుమారు 2.5 మిల్లీలు సాగి కుంచించుకుంటుంది. అందుకే మధ్యలో ఒక్క రంధ్రమే బిగువుగా ఉండి, మిగతావన్నీ రివెట్ కంటే వెడల్పుగా ఉండాలి, షీటుకు షీటుకు మధ్య 8 మిల్లీల సందు. అన్నీ బిగించేస్తే మొదటి మే నెలకే మధ్యలో పొట్ట వస్తుంది. చార్‌కోల్ ప్యానెళ్లనే గదిలోపలి సరుకును బయట గోడలకు కొడుతున్నారు. అది పాలిస్టైరిన్, ఎండకు మెత్తబడి వంకర పోతుంది.

రంగు ఒకటి చెప్పాలి. స్వీడన్ పల్లెల్లో కనబడే ఆ ముదురు ఎరుపు ఫాలున్ రాగి గని మట్టి నుంచి వచ్చే ఐరన్ ఆక్సైడ్. నీళ్లు, రై పిండి, అవిసె నూనె కలిపి కాచి పూస్తారు. మన గడపలకు, అరుగులకు పూసే జాజు కూడా ఐరన్ ఆక్సైడే. ఇది ఖనిజపు రంగు, ఎండకు వెలవదు, ఎర్రదుమ్ము పడినా తెలియదు. నల్ల తలుపు, నల్ల గేటు బదులు ఆ రంగు పెట్టి చూడండి, రెండు ఊళ్లకూ చెందిన ఇల్లనిపిస్తుంది.

సాదా ఆకారాన్ని చివర్లో చెడగొట్టేవి ట్యాంకు, పైపులు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు. ట్యాంకును కొప్పు కింద స్లాబు మీదే పెట్టేయండి. వెయ్యి లీటర్ల ట్యాంకు సుమారు 4 అడుగుల ఎత్తు, 5 అడుగుల 2 అంగుళాల కొప్పు కింద మధ్యలో సరిపోతుంది, నీడలో ఉంటుంది కాబట్టి మే నెలలో కుళాయి తిప్పితే వేడినీళ్లు రావు. దాని టన్ను బరువు బీము మీద పడేలా ఇంజనీరుకు ముందే చెప్పండి, రేకు వేయకముందే ట్యాంకు పైకెక్కించండి, మనిషి దూరే రెండున్నర అడుగుల తలుపు తూర్పు గేబుల్‌లో పెట్టండి. పై బాత్రూము షవరుకు ఆ ఎత్తు నుంచి ధార పల్చగా వస్తుంది, కావాలంటే చిన్న ప్రెషర్ పంపు. పైపులకు, ఏసీలకు ఉత్తరం వైపు 3 × 4 అడుగుల డక్టు, కింద తలుపు, పైన గాలికి తెరిచిన జాలీ. ఏసీ రాగి పైపుకు, డ్రెయిన్‌కు స్లీవులు (పైపు దూరడానికి ముందే వదిలే గొట్టాలు) బయటివైపు కొంచెం వాలుగా బీముల్లోనే వదలాలి. కాంక్రీటు పోసే ముందురోజు ప్లంబరును, ఎలక్ట్రీషియన్‌ను, మేస్త్రీని ముగ్గురినీ సైటులో ఒకేసారి నిలబెట్టి ఈ స్లీవులు, గట్టర్ పైపులు, సోలార్ కేబుల్ గొట్టం డ్రాయింగులో చూపినచోటే ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ చేత్తో పట్టి చూడండి.